సోస్పెల్‌లో సైకిల్ ప్యాకేజీ కొనేవాళ్ళకు హెచ్చరిక: సంతకం పెట్టే ముందు బ్రేకులు చూసుకోండి

ఫ్రాన్స్‌లో నీస్, మెంటన్ పక్కన కొండల్లో సైకిల్ తొక్కడానికి వెళ్దామనుకుంటున్న వాళ్ళు ఇది ఒక్కసారి పూర్తిగా చదవండి. మే నెలలో మా బావకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను. సైకిళ్ళు అద్దెకిచ్చిన కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటి ప్యాకేజీలు అక్కడ చాలామంది అమ్ముతారు, నేను చెప్పే జాగ్రత్తలు ఎవరి దగ్గర తీసుకున్నా పనికొస్తాయి.

మేము దిగిన ఊరు సోస్పెల్. మెంటన్ సముద్రతీరం నుంచి లోపలికి 15 కిలోమీటర్ల చిల్లర ఉంటుంది, ఇటలీ సరిహద్దుకు దగ్గర. బేవెరా నది, దాని మీద పాత రాతి వంతెన, రంగురంగుల ఇళ్ళు, చుట్టూ కొండలు. ఊరు సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఏ దిక్కుకు బయల్దేరినా ఏదో ఒక కనుమ ఎక్కాల్సిందే. దక్షిణాన కాస్తియోన్ 706 మీటర్లు, ఈశాన్యాన బ్రూయీ 879, పడమర బ్రోస్ 1002, ఉత్తరాన ట్యూరిని 1607. కనుమను అక్కడ ‘కోల్’ అంటారు.

బావ హైదరాబాద్ నుంచి వచ్చారు. వయసు 52, ప్రతి ఆదివారం గండిపేట వైపు తొక్కుతారు, అనంతగిరి చాలాసార్లు ఎక్కారు. 2024 టూర్ ద ఫ్రాన్స్ 20వ స్టేజ్ నీస్‌లో మొదలై బ్రోస్, ట్యూరిని మీదుగానే వెళ్ళింది. అది టీవీలో చూసినప్పటి నుంచి ఆయనకు ఒకటే కోరిక. బ్రోస్ కనుమ మీద రెనే వియెట్టో స్మారకం ఉంది. 1934 టూర్‌లో గెలిచే వయసులో, గెలిచే సత్తా ఉండి కూడా తన చక్రం విప్పి టీమ్ నాయకుడు ఆంటొనాన్ మాన్య్‌కు ఇచ్చేసిన కుర్రాడు ఆయన. ఆ రాయి దగ్గర నిలబడి ఫోటో దిగాలని బావ ఇంటి దగ్గరే అనుకుని వచ్చారు.

మ్యూనిక్ నుంచి నేనే అంతా బుక్ చేశాను. నాలుగు రోజులకు రెండు కార్బన్ రోడ్ సైకిళ్ళు 690 యూరోలు, ‘స్థానిక నిపుణులు తొక్కి చూసిన’ రూట్ల ఫైళ్ళకు (ఫోన్‌లో దారి చూపించేవి) ఇంకో 60. సైకిల్‌కు 1,500 యూరోల చొప్పున డిపాజిట్ కార్డు మీద బ్లాక్ చేశారు, ఒకటి నా కార్డు, ఒకటి బావ కార్డు. బావకు వెనక 34 పళ్ళ గేర్ కావాలని మెయిల్‌లో అడిగాను, వెనక పళ్ళు ఎక్కువుంటే ఎక్కడం తేలిక. సరే అన్నారు.

సైకిళ్ళు రాత్రి ఎనిమిదిన్నర దాటాక మా బసకు తెచ్చారు. మధ్యాహ్నం మూడింటికి రావాల్సినవి. తెచ్చిన కుర్రాడు చాలా మర్యాదగా ఉన్నాడు, కానీ తొందరలో ఉన్నాడు. వ్యాన్ ఇంజిన్ కూడా ఆపలేదు. ఫోన్ స్క్రీన్ మీద ఫ్రెంచ్‌లో ఒక ఫారం చూపించి ఇక్కడ వేలితో సంతకం పెట్టండి అన్నాడు. గేటు దగ్గర ఒక్క దీపం. బ్రేకులు నొక్కి చూశాం, గట్టిగానే ఉన్నాయి. టైర్లు నొక్కాం. సంతకం పెట్టాం. సైకిల్ ‘చాలా మంచి కండిషన్‌లో’ అందిందని ఆ ఫారంలో ఉన్న సంగతి నాకు తర్వాత అర్థమైంది.

మొదటి తప్పు పొద్దున్నే బయటపడింది. కాసెట్‌లో, అంటే వెనక చక్రానికుండే పళ్ళచక్రాల గుత్తిలో, పెద్ద పళ్ళచక్రం మీద సంఖ్య చెక్కి ఉంటుంది, చూస్తే 28. ముందు చిన్న చక్రం 36. అడిగింది ఒకటి, ఇచ్చింది ఒకటి. ఫోన్ చేస్తే ‘ఆ రూట్లకు అది చాలు’ అన్నారు. ఆ రోజు కాస్తియోన్ వైపు వెళ్ళాం. వాళ్ళ ఫైల్ మమ్మల్ని కనుమ మీది పాత రోడ్డుకు కాకుండా నేరుగా కింది సొరంగం ముందుకు తీసుకెళ్ళింది. మా సైకిళ్ళకు లైట్లు లేవు, వాళ్ళు ఇవ్వలేదు. లోపలి నుంచి లారీ చప్పుడు వినిపిస్తుంటే వెనక్కి తిరిగి పాత రోడ్డు వెతుక్కున్నాం. ఆ రోడ్డు ఎంత ప్రశాంతంగా ఉందో! ఒక్కసారి దాని మీద తొక్కినవాడెవడూ సైక్లిస్టులను సొరంగంలోకి పంపే గీత గీయడు. ఫైల్ తయారు చేసినవాళ్ళు అక్కడ తొక్కలేదని నాకు అప్పుడే తెలియాల్సింది. అయినా, రెండో రోజు మళ్ళీ వాళ్ళ ఫైల్‌నే నమ్మాను. ఇది మాత్రం నా తప్పే.

రెండో రోజు పెద్ద చుట్టు. సోస్పెల్ నుంచి మూలినే మీదుగా ట్యూరిని, అక్కడి నుంచి పెయిరా కావా, లుసెరాం, లెస్కారెన్, చివరికి బ్రోస్ ఎక్కి సోస్పెల్‌కు దిగడం. దాదాపు 80 కిలోమీటర్లు. ప్యాకేజీలో దీనికి ‘మీడియం, మొత్తం ఎక్కుడు 1,200 మీటర్లు’ అని రాశారు. మీరే లెక్క వేయండి. సోస్పెల్ 350, ట్యూరిని 1607. అదొక్కటే 1,250 దాటింది. లెస్కారెన్ కూడా ఇంచుమించు సోస్పెల్ ఎత్తులోనే ఉంటుంది, అక్కడి నుంచి బ్రోస్‌కు ఇంకో 650. మధ్యలో చిన్నాచితకా ఎక్కుళ్ళు వేరే. అంతా కలిపితే 1,900 దాటుతుంది. డబ్బు కట్టేముందు కాగితం మీద రెండు తీసివేతలు చేసి ఉంటే నాకు తెలిసిపోయేది.

ట్యూరిని ఎక్కుడు 24 కిలోమీటర్లకు పైనే. మొదట లోయలో నది పక్కనే మెల్లగా ఎక్కుతాం. మూలినేలో ఆగి సీసాలు నింపుకున్నాం. ఆ తర్వాత పైదాకా అడవి, మలుపు మీద మలుపు. మాంటే కార్లో ర్యాలీ కార్లు పరిగెత్తే రోడ్డు ఇదే. 28 పళ్ళతో బావ మోకాళ్ళ మీద ఎంత భారం పడిందో నేను వెనక నుంచి చూస్తూనే ఉన్నాను. రెండుసార్లు దిగి నడిచారు. అనంతగిరి ఎక్కాం కదా, ఇదెంతలే అనుకుని మాత్రం రావద్దు. అక్కడ ఎక్కుడు మొదలైన కాసేపటికి అయిపోతుంది, ఇక్కడ రెండున్నర గంటలు ఆగకుండా ఎక్కుతూనే ఉండాలి.

అసలు ప్రమాదం దిగేటప్పుడు. ట్యూరిని నుంచి లెస్కారెన్ దాకా పాతిక కిలోమీటర్లకు పైగా, దాదాపు అంతా దిగుడే. పెయిరా కావా దాటి కొంత దూరం వచ్చాక బావ సైకిల్ నుంచి ఒక శబ్దం మొదలైంది. ఇనుప గరిటెతో బాణలి అడుగు గీకినట్టు, సన్నగా, ఆగకుండా. ‘ఇసుక పడిందేమోరా’ అన్నారు. తర్వాతి మలుపులో ఆయన రెండు లీవర్లూ పట్టుకున్నా సైకిల్ ఆగలేదు. మలుపులో నేరుగా అవతలి వైపుకు పోయారు. రాతి గోడకు రెండడుగుల ఇవతల, గోడ పక్కనున్న మట్టిలో కాలు ఆనించి ఆపుకున్నారు. అప్పుడు ఎదురుగా కారు రాలేదు. అంతకంటే ఏమీ చెప్పలేను. నేను వెనక ఇరవై మీటర్ల దూరంలో ఉన్నాను. ఆ రెండు క్షణాల్లో అక్కకు ఏమని ఫోన్ చేయాలా అనే ఆలోచన వచ్చింది, ఇప్పటికీ రాత్రిళ్ళు గుర్తొస్తుంది.

చక్రం తీసి చూశాను. బ్రేకు నొక్కితే చక్రం మధ్యనున్న ఇనుప డిస్క్‌ను పట్టి ఆపేవి ప్యాడ్లు. వెనక ప్యాడ్‌కు రాపిడి పొర అసలు లేదు. ఇనుప పలక నేరుగా డిస్క్ మీద రాసుకుంటోంది, డిస్క్ నీలం రంగుకు తిరిగింది. ముందు ప్యాడ్‌కు గోరంత మందం కూడా మిగల్లేదు. మరి తీసుకున్న రాత్రి నొక్కి చూస్తే గట్టిగానే ఉన్నాయి కదా అంటారా? అందరం మోసపోయేది అక్కడే. హైడ్రాలిక్ బ్రేకులో, అంటే ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేకులో, ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ దానంతట అదే ముందుకు జరుగుతుంది. కాబట్టి లీవర్ పట్టు దాదాపు చివరిదాకా మామూలుగానే ఉంటుంది. ఇంటి ముందు నొక్కి చూస్తే ఏమీ తెలియదు. ఫోన్ టార్చ్ వేసి, కాలిపర్ (ప్యాడ్లు ఉండే దిమ్మ) సందులోంచి డిస్క్‌కు రెండు వైపులా ప్యాడ్ పొర ఎంతుందో కళ్ళతో చూడాలి. ఒక మిల్లీమీటర్ దరిదాపుల్లో ఉంటే ఆ సైకిల్ తీసుకోవద్దు. ‘ఒక్క రోజుకే కదా’ అంటారు, వినొద్దు. కొండ దిగుడులో, అందులోనూ 80 కిలోలు దాటిన మనిషి ఉంటే, అది ఒక్క పూటలో అయిపోతుంది.

అక్కడి నుంచి లుసెరాం దాకా, ఆ తర్వాత లెస్కారెన్ దాకా సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చాం. అదృష్టం కొద్దీ లెస్కారెన్‌లో స్టేషన్ ఉంది, నీస్ నుంచి కొండల్లోకి వెళ్ళే లైను అది, సోస్పెల్‌లో ఆగుతుంది. రైళ్ళు తక్కువ. రెండు గంటలకు పైగా కూర్చున్నాం. ఆ రైలు బ్రోస్ కొండ కింద సొరంగంలోంచి వెళ్తుంటే బావ కిటికీలోంచి బయటికి చూస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వియెట్టో రాయి మా నెత్తి మీదే ఎక్కడో ఉంది.

వేరే సైకిల్ పంపమంటే ‘ఎల్లుండి చూస్తాం’ అన్నారు. నాలుగు రోజుల అద్దెలో రెండు రోజులు అలాగే పోయాయి. తిరిగొచ్చాక బావ కార్డు నుంచి 310 యూరోలు కోశారు. ప్యాడ్లు, డిస్క్‌కు 170, ఫ్రేమ్ మీద గీతకు 140. మేము బ్రేకులు అతిగా వాడామట. సైకిల్ మంచి కండిషన్‌లో తీసుకున్నట్టు మీ సంతకం ఉంది అన్నారు. బావ బ్యాంకు కూడా ఆ ఫారం చూసి చేతులెత్తేసింది.

గీత డబ్బు మాత్రం వెనక్కి వచ్చింది, అదీ మా తెలివి వల్ల కాదు. సైకిల్ వచ్చిన రాత్రి బావ సంబరంగా ఒక చిన్న వీడియో తీసి అక్కకు వాట్సాప్‌లో పంపారు. పద్నాలుగో సెకనులో గేటు దీపం వెలుతురు ఫ్రేమ్ మీద పడుతుంది, చైన్ పక్కన ఆ గీత స్పష్టంగా కనిపిస్తుంది. తేదీ, సమయంతో సహా అది పంపాక 140 యూరోలు ఇచ్చారు. 170 ఇవ్వలేదు.

అందుకే చెబుతున్నాను, సైకిల్ పగటి వెలుతురులో తీసుకోండి. రాత్రి తెస్తే సంతకం రేపు పెడతామనండి. ఫారం మీకు రాని భాషలో ఉంటే ఫోన్‌లో అనువాదం చేసుకుని చదివాకే వేలు పెట్టండి, తెచ్చినవాళ్ళు ఎంత తొందరపెట్టినా సరే. తెచ్చిన మనిషి ముందే చుట్టూ తిరుగుతూ వీడియో తీయండి. ఫ్రేమ్, చక్రాలు, కాలిపర్ లోపల, కాసెట్ మీది సంఖ్య, అన్నీ అందులో పడాలి. గేర్ మాట మెయిల్‌లో ఉంటే చాలదు, బుకింగ్ కాగితంలో రాయించుకోండి. రూట్లకు డబ్బు అసలు పెట్టొద్దు. సోస్పెల్ చుట్టూ ఉన్నవే నాలుగైదు రోడ్లు. మామూలు మ్యాప్‌లో కనుమల ఎత్తులు చూసి తీసివేతలు చేసుకుంటే ఏ రోజు ఎంత ఎక్కాలో మీకే తెలుస్తుంది. అలవాటు లేనివాళ్ళు మొదటి రోజు బ్రోస్ ఒక్కటే ఎక్కి అదే దారిన తిరిగి రండి, ఎక్కుడు పదకొండు కిలోమీటర్ల చిల్లర, అదే మంచి రోజు అవుతుంది.

నిన్న రాత్రి వాళ్ళ సైట్ తెరిచి చూశాను. ఆ పెద్ద చుట్టు ఇంకా అమ్ముతున్నారు. మీడియం, 1,200 మీటర్లు అనే ఉంది.