78 కిలోల మనిషికి ఎన్ని లీటర్ల బోర్డు? మూడు విండ్‌సర్ఫింగ్ బోర్డులు అరగదీశాక నా సమీక్ష

నా బరువు 78 కిలోలు, ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. ఉండేది కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బే పక్కన. విండ్‌సర్ఫింగ్ అంటే బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన సెయిల్‌తో (తెరచాపతో) గాలి పట్టి నీళ్ల మీద పరిగెత్తడం. ఇన్నేళ్లలో నా దగ్గర బాగా నలిగిన బోర్డులు మూడు: ఒకటి 155 లీటర్లు (లీటర్లంటే బోర్డు ఘనపరిమాణం), ఒకటి 122, ఒకటి 96. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. పేర్లు రాస్తే మాటలన్నీ కంపెనీల మీదికి పోతాయి, లీటర్ల సంగతి పక్కకి పోతుంది.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. "ఒంటి బరువుకి ఇన్ని లీటర్లు కలుపుకో" అని అందరూ చెప్పే సూత్రం మంచిదే. కానీ అది గాలి పడిపోయినప్పటి లెక్క. నీళ్ల మధ్యలో గాలి ఆగిపోతే మీరు బోర్డు మీద నిలబడి సెయిల్ పైకి లాగగలరా లేదా అన్నంత వరకే అది చెబుతుంది. గాలి దంచి కొడుతున్నప్పుడు బోర్డు మీ మాట వింటుందా లేదా అన్నది వేరే సంగతి. ఆ రెండిటినీ ఒకే అంకెలో వెతుక్కుని కొన్నవాళ్లు మరుసటి సీజన్‌కే బోర్డు అమ్మకానికి పెట్టడం ఇక్కడ తరచూ చూస్తుంటాను.

లెక్క ఎలా వేయాలో చూద్దాం. ఒక లీటరు మంచినీరు ఒక కిలో తూగుతుంది కాబట్టి 122 లీటర్ల బోర్డు పూర్తిగా మునిగేలోపు మొత్తం 122 కిలోలు మోస్తుంది. సముద్రపు నీళ్లలో అయితే ఇంకో మూడు కిలోలు అదనం. అయితే అది మోయాల్సింది మిమ్మల్ని ఒక్కరినే కాదు. ఇండియా వెళ్లేటప్పుడు 23 కిలోల సూట్‌కేసులు తూచుకునే కొక్కెం కాటా మనందరి ఇళ్లలో ఉంటుంది కదా, దాంతో సామానంతా తూచాను. ఫుట్‌స్ట్రాప్‌కి (పాదం దూర్చే పట్టీకి) కొక్కెం తగిలించి ఎత్తితే, ఫిన్‌తో (తోక కింద ఉండే రెక్కతో) సహా 122 బోర్డు 8 కిలోలు. 6.2 చదరపు మీటర్ల సెయిల్, దాన్ని నిలబెట్టే మాస్ట్, చేతులతో పట్టుకునే బూమ్, మాస్ట్ కింద దాన్ని పొడిగించే ఎక్స్‌టెన్షన్ అన్నీ కలిపి 9 కిలోలు. తడిసిన వెట్‌సూట్ (చలి ఆపే రబ్బరు దుస్తులు), హార్నెస్ (సెయిల్ లాగుడుని ఒంటికి తగిలించుకునే పట్టీ), బూట్లు కలిపి 4. వీటికి నా 78 కలిపితే 99. అంటే 122 లీటర్లలో నాకు మిగిలేది 23.

నా దృష్టిలో ఈ మిగులే అసలు అంకె. బరువుకి 44 కలిపాం అనుకుంటాం గానీ, అందులో సగం సామానే మింగేస్తుంది. పైగా ఇక్కడ బే నీళ్లు వేసవిలో కూడా చల్లగానే ఉంటాయి, మందపాటి వెట్‌సూట్ లేకుండా దిగలేం. గోవాలో షార్ట్స్‌తో దిగేవాళ్లకి ఆ మేరకు రెండు మూడు కిలోలు కలిసొస్తాయి.

155 లీటర్ల బోర్డు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. నేర్చుకునే బోర్డు, ఆ పని చక్కగా చేసింది. నా బరువుకి 77 ఎక్కువ, మిగులు లెక్క చూస్తే 50 పైనే. మధ్యలో కిందికి దిగే డాగర్‌బోర్డ్ ఉంటుంది, దానివల్ల బోర్డు పక్కకి జారదు, గాలికి ఎదురుగా వెళ్లడం సులువు. అలమీడాలోని క్రౌన్ బీచ్‌లో చాలా దూరం వరకు నడుము లోతే, కింద ఇసుక. అక్కడ ఈ బోర్డు మీద నిలబడి, తాడు పట్టుకుని సెయిల్ పైకి లాగి (దీన్ని అప్‌హాల్ అంటారు), అటు కొంచెం ఇటు కొంచెం తిరుగుతూ నేర్చుకున్నాను. పడితే లేవడం, లేస్తే పడటం. బోర్డు మాత్రం పెద్దగా కదలదు.

దీని గొడవ గాలి వేగం 15 నాట్లు (గంటకి దాదాపు 28 కిలోమీటర్లు) దాటాక మొదలవుతుంది. హార్నెస్ వేసుకుని వేగం అందుకున్న దగ్గర్నుంచి ముక్కు పైకి లేస్తుంది, చిన్న అలలకే టపటపా కొట్టుకుంటుంది, మలుపు తిప్పుదామని అంచు నొక్కితే మునగదు. డాగర్‌బోర్డ్ లోపలికి మడవడం మరచిపోతే బోర్డు ఒక పక్కకి లేచి మనల్ని విసిరేస్తుంది. పైన అతికించిన మెత్తటి ఫోమ్ కూడా రెండో వేసవికల్లా అంచుల్లో లేచిపోయింది. పన్నెండు కిలోల బోర్డు, గాలిలో పార్కింగ్ నుంచి ఒడ్డు దాకా మోయడమే ఒక వ్యాయామం. నేర్చుకోవడానికి ఇలాంటిది కొనకండి, అద్దెకి తీసుకోండి. మౌంటెన్ వ్యూలో ఉన్నవాళ్లకి షోర్‌లైన్ లేక్ దగ్గర్లోనే ఉంది.

ఎక్కువ కాలం వాడింది 122 లీటర్లది. 75 సెంటీమీటర్ల వెడల్పు, డాగర్‌బోర్డ్ లేని మామూలు ఫ్రీరైడ్ (రేసులకి కాకుండా సరదాగా తిరిగే) బోర్డు. దీన్ని ఎక్కువగా శాన్ మాటియోలోని కయోటీ పాయింట్ దగ్గర వాడాను. ఆ చోటు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే లీటర్ల అవసరం అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు. వేసవిలో కాలిఫోర్నియా లోపలి లోయ వేడెక్కి సముద్రపు చల్లగాలిని లోపలికి లాగుతుంది. కొండల మధ్య శాన్ బ్రూనో దగ్గరున్న సందు గుండా ఆ గాలి విమానాశ్రయం మీదుగా బేలోకి దూసుకొస్తుంది. ఒడ్డున మాత్రం నీరసంగా ఉంటుంది. దూరంగా నీళ్ల మీద నల్లటి గీతలా కనిపించే చోట నుంచే అసలు గాలి. ఆ గీత దాకా నెమ్మదిగా, నిలబడి, ఈడ్చుకుంటూ వెళ్లాలి. మళ్లీ వెనక్కి అలాగే రావాలి.

ఆ ఈడ్చుకెళ్లడానికి 23 కిలోల మిగులు సరిగ్గా సరిపోతుంది. బోర్డు కొంచెం దిగుతుంది గానీ అంచుల మీదికి నీళ్లు రావు. గీత దాటి 16, 18 నాట్లు అందుకోగానే బోర్డు నీటి మీదికి లేచి జారడం మొదలుపెడుతుంది. అదే ప్లేనింగ్. ఒకసారి ప్లేనింగ్‌లోకి వెళ్లాక లీటర్లకి పెద్దగా పని లేదు, అప్పుడు మనల్ని మోసేది వేగం. 6.2 సెయిల్‌తో ఆ గాలిలో ఈ బోర్డు ఇచ్చిన హాయి మిగతా రెండిటి దగ్గరా దొరకలేదు.

మిగులు ఎంత సన్నటిదో తెలిసేది టాక్ కొట్టేటప్పుడు. గాలికి ఎదురు తిరిగి, మాస్ట్ ముందు నుంచి అవతలి పక్కకి రెండు అడుగుల్లో మారాలి. 155 మీద అయితే ముందుకెళ్లి తీరిగ్గా నిలబడొచ్చు. 122 మీద ముందు పాదం మాస్ట్ దాటిన క్షణంలోనే ముక్కు నాలుగు వేళ్లు కిందికి దిగుతుంది, చల్లటి నీళ్లు వేళ్ల మీదికి వస్తాయి. అక్కడ ఒక్క సెకను ఆలోచిస్తే పడిపోవడమే. చకచకా మారితే ఏమీ కాదు. ఈ బోర్డు మీద నేర్చుకున్న ఆ తొందర తర్వాత చిన్న బోర్డుకి బాగా పనికొచ్చింది.

ఇంకో విషయం. సూత్రంలో "ఒంటి బరువు" అంటే ఏ నెలలో బరువు? ఒక చలికాలం మా అమ్మ మా దగ్గరికి వచ్చింది. "చిక్కిపోయావురా" అంటూ రోజూ పప్పులో నెయ్యి, ఆదివారం గారెలు. ఏప్రిల్‌లో గాలులు మొదలయ్యేసరికి 83 ఉన్నాను. మిగులు 23 నుంచి 18కి పడింది. నేరుగా వెళ్లేటప్పుడు ఏ తేడా లేదు. టాక్‌ల దగ్గర, సెయిల్ లాగేటప్పుడు మాత్రం ఇది వేరే బోర్డేమో అనిపించింది. అందుకే మీ బరువు అటూ ఇటూ ఊగే రకమైతే ఎక్కువ ఉన్నప్పటి అంకెతోనే లెక్క వేసుకోండి. జూలైకల్లా తగ్గిపోతానులే అన్న నమ్మకంతో కొనకండి.

122కి కూడా హద్దుంది. 23, 24 నాట్లు దాటి, ఆటు నీరు గాలికి ఎదురుగా లాగుతున్నప్పుడు బేలో అలలు నిటారుగా, పొట్టిగా లేస్తాయి. అప్పుడు 5.0 సెయిల్ వేసినా బోర్డు గంతులేస్తుంది, మోకాళ్లు అదిరిపోతాయి. వెడల్పు ఎక్కువ కాబట్టి జైబ్‌లో (గాలికి వీపు పెట్టి తిరిగే మలుపులో) అంచు పట్టు దొరకదు. ఆ రోజుల కోసమే 96 కొన్నాను.

96 లీటర్లది, 62 సెంటీమీటర్ల వెడల్పు. దీని మీద సామాను తేలిక: బోర్డు 7, 4.7 సెయిల్‌తో రిగ్ (సెయిల్, మాస్ట్, బూమ్ అన్నీ కలిపి) 8, బట్టలు 4, నేను 78. మొత్తం 97. అంటే మిగులు లేదు, పైగా ఒకటి లోటు. దీన్ని ఎక్కువగా తీసుకెళ్లేది షెర్మన్ ఐలాండ్‌కి. శాక్రమెంటో నది డెల్టాలో మంచినీళ్లు, ఉప్పునీటి బోనస్ కూడా లేదు. అక్కడ గాలి ఆగినప్పుడు దీని మీద నిలబడితే ఎలా ఉంటుందంటే, బోర్డు కనబడదు. పాదాలు నీళ్లలో, నీరు చీలమండల పైకి, బోర్డు కింద ఎక్కడో ఉందని పాదాలకి తెలుస్తుంటుంది. కొంచెం వెనక్కి వాలితే తోక దిగిపోతుంది, ముందుకి వాలితే ముక్కు. సెయిల్‌లో ఏ కొంచెం గాలి ఉన్నా మాస్ట్ మొదట్లో బరువు పెట్టి, ముందు పాదం మాస్ట్‌కి ఆనించి ఎలాగోలా నిలబడొచ్చు. ఆ కొంచెం కూడా లేకపోతే నీళ్లలోకి దిగడమే. దీని మీద సెయిల్ పైకి లాగడం అనే ఆశ పెట్టుకోకండి. నీళ్లలో తేలుతూ సెయిల్‌ని గాలికెత్తి, అది లాగితే బోర్డు మీదికి లేచే వాటర్‌స్టార్ట్ పదికి తొమ్మిదిసార్లు వచ్చేవాళ్లకే ఈ సైజు. వాటర్‌స్టార్ట్‌కి కూడా గాలి కావాలి, 12 నాట్ల కంటే తక్కువలో నన్ను అది లేపదు.

అదే 25 నాట్లలో అయితే ఈ బోర్డు పాదరసమే. మడమతో అనుకుంటే చాలు, తిరుగుతుంది. 122 గంతులేసే అలల్లో ఇది కోసుకుంటూ పోతుంది. షెర్మన్‌లో ఆటు గాలికి ఎదురుగా పారుతూ మనల్ని గాలి వచ్చే వైపుకే మోసుకెళ్తుంది, కాబట్టి కొద్దిగా గాలి తగ్గినా గాలి వాలుకి కొట్టుకుపోతామన్న టెన్షన్ తక్కువ. కయోటీ పాయింట్‌కి మాత్రం దీన్ని తీసుకెళ్లడం మానేశాను. గీత అవతల ఎంత బాగున్నా, ఇవతలి నుంచి అక్కడికి చేరేసరికి సగం ఓపిక అయిపోతుంది. సాయంత్రం గాలి తగ్గితే వెనక్కి ఈత కొట్టుకుంటూ రావాలి.

ఇక వెడల్పు. ఒకే 120 లీటర్లని 68 సెంటీమీటర్ల వెడల్పులోనూ పోయొచ్చు, 85లోనూ పోయొచ్చు. మొదటిది మందంగా, పొడుగ్గా ఉంటుంది. రెండోది పొట్టిగా, పళ్లెంలా. తేలడం రెండిటికీ ఒకటే. నిలబడితే మాత్రం వెడల్పుది పక్కకి ఊగదు, పెద్ద ఫిన్, పెద్ద సెయిల్ పట్టి తక్కువ గాలికే ప్లేనింగ్‌లోకి వెళ్తుంది. బదులుగా గాలి పెరిగితే తొందరగా చేయి దాటిపోతుంది. స్లాలమ్ రేసు బోర్డులు ఈ రకానివే. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికితే "120 కదా, నాకు సరిపోతుంది" అని తీసుకునే ముందు వెడల్పు ఎంతో అడగండి. కొత్తవాళ్లు అది తొక్కితే చుక్కలు కనబడతాయి.

బరువు తక్కువ ఉన్నవాళ్లకి ఈ లెక్క కొంచెం వేరేగా పడుతుంది. మా ఆవిడ 54 కిలోలు. "బరువుకి రెట్టింపు" అనే ఇంకో సూత్రం ఉంది, దాని ప్రకారం నేర్చుకోవడానికి ఆమెకి 108 చాలు. అంత సైజు బోర్డు సాధారణంగా 66, 68 సెంటీమీటర్లే ఉంటుంది, మొదటిసారి నిలబడేవాళ్లకి అది చాలా సన్నం. మనిషి తేలికని అలలు చిన్నవి కావు కదా. ఆమె 155 మీదే నేర్చుకుంది. తర్వాత నా 122 ఇస్తే, మిగులు నాకన్నా రెట్టింపు ఉన్నా రెండు రోజులకే ఒడ్డుకొచ్చి, "ఏవండీ, ఇది నా మాట వినట్లేదు, మీరే ఉంచుకోండి" అంది. ఫిన్ పెద్దది, గాలి రాగానే బోర్డు ఆమె కాళ్ల కింద నుంచి పైకి లేచిపోతోంది. చిన్న ఫిన్ వేశాక కొంత నయం. ఇప్పుడు ఆమెకి 90 పైచిలుకు లీటర్లది వెతుకుతున్నాం. మా ఆఫీసులో 102 కిలోల తమ్ముడు ఒకడున్నాడు, అతనికి నా 122లో మిగిలేది సున్నాకి దగ్గర. "అన్నా, మీ బోర్డు నాకు జలాంతర్గామి" అంటాడు. అతనికి 145 కంటే తక్కువ వద్దని చెప్పాను.

పాతది కొనేటప్పుడు ఆ సూట్‌కేసు కాటా జేబులో పెట్టుకుని వెళ్లండి. దెబ్బ తగిలిన చోట నుంచి లోపలికి నీరు చేరిన బోర్డు కంపెనీ చెప్పిన దానికన్నా కిలో రెండు కిలోలు ఎక్కువ తూగుతుంది. ఆ బరువు మీ మిగులులోంచే పోతుంది, పైగా లోపలి ఫోమ్ పాడవుతుంది. నేను అలాంటిదొకటి తూచి వదిలేశాను, అమ్మేవాడి మొహం మాడిపోయింది.

155ని అమ్మేశాను. 122, 96 రెండూ గ్యారేజీలో ఉన్నాయి, వారాంతం గాలి చూసి ఏదో ఒకటి కారు మీద కడతాను. 78 కిలోలకి ఒక్కటే ఉంచుకోవాలంటే 96ని ఈరోజే అమ్మకానికి పెడతాను.