సముద్రపు గద్దా, రంపపు చేపా: ముందు దేన్ని కాపాడాలి?

విశాఖ ఫిషింగ్ హార్బర్ మీద గిరికీలు కొట్టేవి చాలావరకు నల్ల గద్దలు, ఇటుకరంగు వీపున్న గరుడలు. తెల్లపొట్ట సముద్రపు గద్ద వీటికంటే బాగా పెద్దది. రెక్కలు చాపితే దాదాపు 2 మీటర్లు. తల, పొట్ట తెలుపు, వీపు బూడిదరంగు, తోక పొట్టి. తేలుతున్నప్పుడు రెక్కలు పైకెత్తి ఉంచుతుంది. డేగలు, గద్దలుండే అక్సిపిట్రిడే కుటుంబం. ప్రజాతిని హాలియేటస్ అనాలా, ఇక్తియోఫాగా అనాలా అన్న పేచీ తప్ప వర్గీకరణలో చిక్కు లేదు.

అసలు తికమక రంపపు చేపతోనే. దీని మూతి పళ్ళున్న రంపంలా ముందుకు సాగి ఉంటుంది. చూపులకు సొర, నిజానికి టేకు చేపల (రే) వర్గం. వెల్లకిలా తిప్పితే తెలిసిపోతుంది: మొప్పల చీలికలు అడుగున ఉంటే టేకు, పక్కలకుంటే సొర. రంపమున్న సొరలు వేరే ఉన్నాయి, వాటి రంపానికి మీసాలుంటాయి. మన రంపపు చేపకు (శాస్త్రీయ నామం ప్రిస్టిస్ ప్రిస్టిస్) మీసాలుండవు, రంపానికి ఒక్కో వైపు 14 నుంచి 24 పళ్ళు.

చట్టానికి రెండూ ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో గద్ద ఉంది, 2001లో రంపపు చేపా చేరింది. జీవజాతులకున్న ముప్పును అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్క వేరు: గద్దకు ముప్పు తక్కువ, రంపపు చేప అంతరించే అంచున ఉంది.

తేడా సంతానంలో ఉందనుకుంటే పొరపాటు. గద్ద పెట్టేది సాధారణంగా 2 గుడ్లే. రంపపు చేప ఒక్క కాన్పులో 13 పిల్లల దాకా ఈనగలదు. చిక్కల్లా ఆ రంపమే. వల కన్ను ఎంత పెద్దదైనా వల ఆ పళ్ళకు చుట్టుకుంటుంది, కాబట్టి కన్ను పెంచి దీన్ని కాపాడలేం. పిల్లలు పెరిగేది నదీముఖాల్లో, వలలు దట్టంగా ఉండేచోట. ఈడుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం కొంత ఊపిరే, మిగతా పది నెలల మాటేమిటి?

అందుకే నా ఓటు రంపపు చేపకే. గద్దకు గూడున్న చెట్టు కొట్టకుండా, గూడు కట్టే కాలంలో దగ్గరికెళ్ళి బెదరగొట్టకుండా ఉంటే చాలావరకు సరిపోతుంది. ఏటేటా ఆ గూటికే పుల్లలు చేర్చుకుంటుంది. చేపకైతే బోటు మీదున్నవాళ్ళు పూనుకోవాలి. పడితే పైకి లాగకండి, నీళ్ళలోనే ఉంచండి. రంపాన్ని పక్కలకు ఒక్కసారిగా విసురుతుంది, అది అందేంత దగ్గర నిలబడకండి. పొడవు పిడి కత్తితో వలను రంపం పొడవునా కోసి, పళ్ళ మధ్య పోగులు తీసేయండి. వల పోతుందని రంపాన్ని నరికి వదిలితే అది సరిగా వేటాడుకోలేదు. నరికిన రంపాన్ని అమ్మినా, కొన్నా నేరమే.