లొకాలిటీ బోవా పిల్లలు: రంగు కాదు, పత్రం చూసి కొనండి

బోవా అంటే విషం లేని పెద్ద పాము; ఫలానా ప్రాంతపు వంశమని చెప్పి అమ్మేవే లొకాలిటీ బోవాలు. దక్షిణ అమెరికా దేశమైన సురినామ్ పేరు తగిలించి, ‘సురినామ్ రెడ్‌టెయిల్’ (ఎర్రతోక) పేరుతో వంశపత్రం జోడించి అమ్మే బోవా పిల్లల్లో అదనపు ధరకు తగినది ఆ పత్రమే. అందులో తల్లిదండ్రుల ఫొటోలు, పుట్టిన తేదీ, మూల జంట ఏ దిగుమతిలో వచ్చిందన్న వివరం ఉండాలి. దేశం పేరొక్కటే ఉంటే అది ఎగుమతి ఎక్కడి నుంచి జరిగిందో చెబుతుంది, పామును ఎక్కడ పట్టారో కాదు.

తోక ఎరుపు చూసి మోసపోవద్దు. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లోనే రంగు తేడాలుంటాయి, పెరిగేకొద్దీ అవి ఇంకా మారతాయి. హోండురాస్‌లోని కాయోస్ కొచినోస్ దీవుల హాగ్ ఐలాండ్ బోవాలైతే పగలు ముదురుగా, రాత్రి లేతగా కనిపిస్తాయి! వీటిని కొలంబియన్ బోవాలతో సంకరం చేసి, ఆ పిల్లల్ని మళ్లీ హాగ్‌లతోనే జత కడితే రెండు మూడు తరాల్లో కంటితో తేడా పట్టలేం. ‘ఆల్బినో హాగ్’ (ముదురు వర్ణం లేని హాగ్) అని రాసుంటే బయటి రక్తం కలిసిందనే అనుకోవాలి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ పరీక్ష కూడా తల్లి వైపు వంశాన్నే చూపుతుంది, తండ్రి సంకరమైతే బయటపడదు.

పిల్ల పాత ఫొటోలు, మేత చిట్టా ఇచ్చేవారికే నా ఓటు. అసలైన సురినామ్ పిల్లలకు పెద్ద ఎర పెడితే కక్కేస్తాయి. చిన్న ఎర, 10–14 రోజులకోసారి చాలు. ఆర్జెంటీనా బోవా సైటీస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠిన ఆంక్షల జాబితాలో ఉంది, అనుమతి పత్రాలు లేకుంటే ముట్టుకోవద్దు.