యూనిఫాం ఉద్యోగులకు లీడర్‌షిప్ ప్లాన్ వర్క్‌షాప్: డబ్బులు కట్టొచ్చా?

ముందే చెప్పేస్తాను. రెండు రోజుల వర్క్‌షాపులో ఒక పూట అద్భుతంగా ఉంది, ఒక పూట పర్లేదు, మిగతా రోజంతా ఇంట్లో పడుకున్నా నష్టం లేదు. ఐదుకి మూడు మార్కులు ఇస్తాను, అందులో రెండు ఒకే ఒక్క ట్రైనర్ కోసం.

నేను ఫైర్ సర్వీసులో ఉన్నాను. లీడింగ్ ఫైర్‌మన్‌గా చాలాకాలం చేసి ఈ మధ్యే స్టేషన్ ఫైర్ ఆఫీసర్ అయ్యాను. నిన్నటిదాకా నాతో కలిసి హోస్ పట్టుకున్నవాళ్లకే ఇప్పుడు డ్యూటీలు వేయాలి, సెలవులు కాదనాలి, కాల్ వచ్చినప్పుడు ఎవరు లోపలికి వెళ్లాలో చెప్పాలి. దీనికి ట్రైనింగ్ అంటూ ఎవరూ విడిగా ఇవ్వరు. సరిగ్గా అప్పుడే 'పబ్లిక్ సేఫ్టీ ఉద్యోగులకు పర్సనల్ లీడర్‌షిప్ ప్లాన్' అని వాట్సాప్‌లో పోస్టర్ తిరుగుతుంటే కట్టేశాను. ఫీజు 6,500 రూపాయలు. 18 శాతం జీఎస్టీ విడిగా, ఆ ముక్క మాత్రం పోస్టర్ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. హైదరాబాద్‌లో ఓ హోటల్ హాలు. కొత్త ఎస్సైలు, 108 వాళ్లు, ఫ్యాక్టరీల సేఫ్టీ ఆఫీసర్లు, ప్రైవేట్ సెక్యూరిటీ సూపర్‌వైజర్లు, అందరం కలిసి ఓ ముప్పై మందిదాకా ఉంటాం. సంస్థ పేరు రాయను, ఎందుకంటే ఇలాంటివే ఇంకో నాలుగైదు మార్కెట్లో ఉన్నాయి, బ్రోచర్లు చూస్తే అన్నీ ఒకే అచ్చు.

మొదటి పూట అంతా పర్సనాలిటీ టెస్ట్. మనిషిని పదహారు రకాల్లో ఒక రకంగా తేల్చి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు చేతిలో పెడతారే, అదే. నాకూ, నా పక్కన కూర్చున్న ఎస్సై గారికీ ఒకే నాలుగక్షరాలు వచ్చాయి, టీ తాగేలోపు మేమిద్దరం ఒక్క విషయంలో కూడా ఒప్పుకోలేదు. కొన్ని వారాలు ఆగి మళ్లీ రాస్తే చాలామందికి వేరే రకం వస్తుందని ఈ టెస్ట్ మీద ఎప్పటినుంచో విమర్శ ఉంది. ఆ సంగతి ఆ పూట క్లాసు తీసుకున్న ట్రైనర్ చెప్పనే లేదు. ఆ తర్వాత ఒక గంట 'మీలోని సింహాన్ని మేల్కొలపండి' తరహా స్లైడ్లు. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవాళ్లు హాయిగా నిద్రపోయారు, వాళ్లదే తెలివి.

భోజనం తర్వాత వచ్చిన రెండో ట్రైనర్ వల్లే ఈ రివ్యూ రాస్తున్నాను. ఆయన లీడర్‌షిప్ అనే మాటే ఎత్తకుండా 1949 ఆగస్టు 5న అమెరికాలోని మోంటానాలో, మాన్ గల్చ్ అనే లోయలో జరిగిన అగ్నిప్రమాదం కథ మొదలుపెట్టాడు. విమానం నుంచి పారాచూట్లతో దిగి అడవి మంటలు ఆర్పే స్మోక్‌జంపర్లు పదిహేను మంది, కింద వాళ్లతో కలిసిన ఒక ఫైర్ గార్డు. మంట లోయ దాటి వీళ్ల వైపే తిరిగింది. ఫోర్‌మన్ వాగ్నర్ డాడ్జ్ పనిముట్లు పారేయమన్నాడు, ఏటవాలు గడ్డి కొండ మీదికి పరుగు, వెనక మంట. ఇక అందదని తెలిసి డాడ్జ్ అగ్గిపుల్ల గీసి తన ముందున్న గడ్డికే నిప్పు పెట్టాడు. అది కాలిపోయాక ఆ బూడిదలో పడుకుంటే వెనకనుంచి వచ్చే పెద్ద మంటకి కాల్చడానికి అక్కడ ఏమీ మిగలదు. రండి, ఇందులోకి రండి అని మిగతావాళ్లని పిలిచాడు. ఒక్కరూ రాలేదు. పదమూడు మంది చనిపోయారు, డాడ్జ్, ఇంకో ఇద్దరు మాత్రమే బతికారు.

అక్కడ ఆపి మమ్మల్ని అడిగాడు: "మీ ఆఫీసర్ మీ ముందే నిప్పు పెట్టి అందులోకి రమ్మంటే వెళ్తారా?" హాలు మొత్తం సైలెంట్. నిద్రపోయినవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. ఒక 108 పైలట్, అంటే అంబులెన్స్ డ్రైవర్, చివరికి అన్నాడు, "ఎవరు రమ్మన్నారన్న దాన్నిబట్టి ఉంటుంది సార్" అని. ట్రైనర్ అదే పట్టుకున్నాడు. డాడ్జ్ ఆలోచన కరెక్టే, కానీ ఆ క్రూ ఆయనతో కలిసి పెద్దగా పని చేసింది లేదు, ఆయన అలా ఎందుకు చేస్తున్నాడో వాళ్లకి అర్థం కాలేదు, మంట మీదికొస్తుంటే వివరించడానికి టైమ్ లేదు. అంటే మీ ప్లాన్‌లో రాసుకోవాల్సింది ఆ నిమిషంలో ఏం అరవాలి అన్నది కాదు, అంతకుముందు మామూలు రోజుల్లో మీ వాళ్లతో ఏం చేశారు అన్నది. ఫీజులో సగం ఆ గంటలోనే వసూలైపోయింది నాకు.

ఒక లోటు మాత్రం ఉంది. అంత దూరం వెళ్లినవాడు బాంబే డాక్ సంగతి ఎత్తలేదు. మేం ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా ఫైర్ సర్వీస్ వారోత్సవాలు చేసేదే దానికోసం. 1944లో విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే నౌకలో పత్తి బేళ్లు, వాటితోపాటు దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు. మధ్యాహ్నం పొగ కనిపించింది, నాలుగు దాటగానే పేలింది, 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. ఆ మధ్యలో ఉన్న టైమంతా ఏమైందంటే, నౌకని ముంచేయాలా, బయటికి లాగేయాలా, ఉన్నచోటే ఆర్పాలా అన్నది తేల్చి చెప్పే ఒక్క మనిషి లేడు, తలా ఒక మాట. మాన్ గల్చ్‌లో చెప్పినవాడు ఉన్నాడు, విన్నవాడు లేడు. ఇక్కడ చెప్పేవాడే లేడు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పి ఉంటే ఐదుకి నాలుగు ఇచ్చేవాడిని.

రెండో రోజు అసలు ప్లాన్ రాయించారు. ఫారం చూడగానే తెలిసిపోతుంది, ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ కోసం చేసింది తెచ్చి మనకి పంచారని. బలాలు, బలహీనతలు, 'ఐదేళ్లలో మీరు ఏ పొజిషన్‌లో ఉంటారు'. ఏ పొజిషనండీ? మా దగ్గర ప్రమోషన్ అంటే సీనియారిటీ, ఖాళీలు, కోర్టు కేసులు. నా ప్లాన్‌తో పని లేకుండా అది జరగాల్సినప్పుడు జరుగుతుంది. హోదా చుట్టూ రాసుకున్న ప్లాన్ ప్రభుత్వ ఉద్యోగికి ఉత్త టెన్షన్.

రెండో ట్రైనరే వచ్చి ఆ ఫారం పక్కన పెట్టించి తెల్లకాగితం తీయమన్నాడు. వచ్చే ఆరు నెలల్లో మీరు మార్చుకోబోయే అలవాట్లు రెండే రాయండి, బయటివాడు చూసి అవునో కాదో చెప్పగలిగేలా ఉండాలి, ఆ చెప్పే మనిషి పేరు కూడా రాయండి అన్నాడు. 'బాగా కమ్యూనికేట్ చేస్తాను' అని రాస్తే కొట్టేశాడు. నేను రాసింది ఇది: ప్రతి కాల్ తర్వాత, ఫైరింజన్‌లో మళ్లీ నీళ్లు నింపేలోపు, క్రూతో నిలబడి నాలుగు ప్రశ్నలు. ఏం చేద్దామనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం చేద్దాం. అమెరికా ఫారెస్ట్ ఫైర్ క్రూలు ఆఫ్టర్ యాక్షన్ రివ్యూ పేరుతో వాడేది ఇదే. షరతు ఒకటే, ముందు జూనియర్ మాట్లాడాలి, ఆఫీసర్ చివర్లో. నేను మధ్యలో దూరితే ఆపాల్సింది మా డ్రైవర్ ఆపరేటర్, ఆయనకి ఈ పని చెప్పినప్పటినుంచి మహా ఉత్సాహంగా ఉన్నాడు.

పక్క ఎస్సై గారిది నాకు ఇంకా నచ్చింది. డైరెక్ట్ రిక్రూట్, ఇరవై ఆరేళ్లుంటాయి, కింద ఉన్న హెడ్ కానిస్టేబుల్ సర్వీసే అంత ఉంటుంది. ఆయన రాసింది, బందోబస్తు ప్లాన్ వేసే ముందు హెడ్ గారిని ఏకాంతంగా అడగడం, నిర్ణయం నాది అని అందరి ముందు చెప్పడం. 108 వాళ్లకి మాత్రం ఈ ప్లాన్ సరిగ్గా సరిపోలేదు. అంబులెన్సులో ఉండేది అత్యవసర వైద్యం చేసే ఒక ఈఎంటీ, ఒక పైలట్, ఇద్దరే. టీమ్ బిల్డింగ్ స్లైడ్లు వాళ్లకేం చేస్తాయి?

'ఆరు నెలల సపోర్ట్' అని పోస్టర్‌లో ఉంది కదా, అదొక వాట్సాప్ గ్రూప్. ప్రస్తుతం అందులో గుడ్ మార్నింగ్ పూలు, తర్వాతి బ్యాచ్ పోస్టర్లు వస్తున్నాయి. భోజనం బాగుంది, గోంగూర పప్పు ముఖ్యంగా.

డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్లకి దారులు ఉన్నాయి. అమెరికా విపత్తు సంస్థ ఫీమా వాళ్ల ఐఎస్-240 అనే లీడర్‌షిప్ కోర్సు పాఠాలు ఆన్‌లైన్‌లో ఉచితం. నమ్మకం ఎలా కట్టుకోవాలి, పోయిన నమ్మకం ఎలా తెచ్చుకోవాలి అన్న పాఠం ఒక్కటి చదివినా చాలు, ఇంగ్లిష్ మరీ కష్టం కాదు. ప్రభుత్వ ఉద్యోగులకి ఆన్‌లైన్ ట్రైనింగ్ కోసం ఐగాట్ కర్మయోగి యాప్ ఎలాగూ ఉంది, క్లిక్ చేసుకుంటూ పోకుండా చదివితే అందులోనూ సరుకు ఉంది. వీటికన్నా ముందు మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఎన్‌డీఎంఏ 2010లో ఇచ్చిన ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాలు చూడండి. ఒకరి కింద ఐదుగురైతే మేలు అన్న లెక్క, స్పాట్‌లో ఎవరి మాట చెల్లుతుంది అన్నది స్పష్టంగా రాసి ఉంటుంది. బాంబే డాక్ లాంటి చోట కావాల్సింది సరిగ్గా అదే.

కొత్తగా సూపర్‌వైజర్ అయినవాళ్లు, ముఖ్యంగా నిన్నటి తోటివాళ్ల మీదే ఆఫీసర్ అయినవాళ్లు వెళ్లొచ్చు. పదేళ్లుగా స్టేషన్ నడుపుతున్నవాళ్లకి అక్కర్లేదు. కట్టేముందు ఫోన్ చేసి కేస్ స్టడీలు చెప్పే ట్రైనర్ మీ బ్యాచ్‌కి వస్తున్నాడో లేదో కనుక్కోండి, రాడంటే మానేయండి. సర్టిఫికెట్ లామినేట్ చేసి మరీ ఇస్తారు కానీ ప్రమోషన్‌కి దాంతో ఒరిగేదేమీ లేదు, అది తెలిసే కట్టండి.