మారుమూల ఊళ్లో కొత్త వలస కుటుంబానికి ఎవరి తోడు మేలు?

మారుమూల ఊరికి వలస వచ్చిన కుటుంబం కుదురుకోవడానికి దూరపు పట్టణంలోని సహాయ కార్యాలయం మేలా, ఊళ్లోని నాలుగైదు కుటుంబాల బృందం మేలా అని తరచూ అడుగుతున్నారు. కొన్నేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని కనుక నాకు తోచినది చెబుతాను.

కార్యాలయం బలం తక్కువది కాదు. వీసా కాగితాలు, చదువు పట్టాల గుర్తింపు వంటివి క్షుణ్ణంగా తెలిసినవారు అక్కడ ఉంటారు. ఫోనులోనైనా శిక్షణ పొందిన దుబాసీ దొరుకుతారు. ఒక స్త్రీ తన గర్భస్రావం గురించి వైద్యుడికి చెప్పుకోవలసి వచ్చినప్పుడు పొరుగింటావిడ గానీ, బడికి వెళ్లే సొంత కొడుకు గానీ దుబాసీగా ఉండకూడదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

అయినా మారుమూల చోట తక్కినవన్నీ దూరం ముందు చిన్నవైపోతాయి. బస్సు లేని ఊళ్లో కారు నడపడం రాకపోతే ఉద్యోగం, భాషా తరగతి, ఆసుపత్రి అన్నీ ఇతరుల తీరికను బట్టి ఉంటాయి. నెలకోసారి వచ్చే అధికారి డ్రైవింగ్ పరీక్ష పుస్తకం ఇవ్వగలరే గాని, వారం వారం పక్క సీట్లో కూర్చోలేరు. నేను ఎరిగిన ఒక తల్లి, ఆదివారాలు ఖాళీగా ఉండే బడి ఆవరణలో, మా బృందంలోని ఒక పెద్దాయన దగ్గర మూడు నెలలు నేర్చుకుంది. క్లచ్ వదిలినప్పుడల్లా బండి ఆగిపోయేది. ఆయన ఆమె భాషలో తాను నేర్చుకున్న ఒకే ఒక్క మాట, "మళ్లీ", అనేవారు. లైసెన్సు చేతికొచ్చాక ఆమె ఎవరినీ అడగకుండానే బిడ్డను టీకాకు తీసుకెళ్లింది. అందుకే నా మొగ్గు బృందం వైపు.

కెనడాలో 1979 నుంచి నడుస్తున్న ప్రైవేటు స్పాన్సర్‌షిప్ ఈ పద్ధతికి పెద్ద రూపం. అక్కడ 2024 వరకు ఐదుగురు కలిసినా ఒక శరణార్థి కుటుంబానికి సాధారణంగా 12 నెలలు ఖర్చుకూ తోడుకూ పూచీ పడే వీలుండేది. ఇందులో చిక్కు కూడా ఉంది: సాయం చేసిన చెయ్యి పెత్తనానికి దిగితే, వచ్చినవారు మొహమాటంతో కాదనలేరు. డబ్బు లెక్కలు చూసేవారూ స్నేహంగా మెలిగేవారూ వేరువేరుగా ఉంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

యజమానే పనీ ఇల్లూ చూపే పద్ధతి మూడోది. పని పోతే ఇల్లూ పోయే ఏర్పాటును నేను సిఫారసు చేయను. ఆస్ట్రేలియాలోని నిల్ పట్టణంలో 2010 నుంచి మయన్మార్‌కు చెందిన కరెన్ తెగ శరణార్థులు బాతుమాంసం పరిశ్రమలో చేరి నిలదొక్కుకున్న మాట నిజమే గాని, అక్కడ ఊరివారు కూడా వెంట నిలిచారు.

కొత్తగా బృందం కట్టేవారు ముందు, పనిదినాల్లో పక్క సీట్లో కూర్చోగలవారు ఎందరో లెక్క చూసుకోండి. దుబాసీ కోసం మాత్రం కార్యాలయం నంబరును ఆ కుటుంబం ఫోనులో మొదటి రోజే పెట్టించండి.