ఫ్రీజర్ బాక్స్ సర్వీస్: డబ్బాకి నాలుగు స్టార్లు, మనిషికి ఒకటి

మా పెద్దనాన్న మొన్న సత్యనారాయణపురంలో పోయారు, అర్ధరాత్రి దాటాక. అన్నయ్య వాళ్ళు హైదరాబాద్ నుంచి రావాలి కాబట్టి ఫ్రీజర్ బాక్స్ తెప్పించాం. పేరు రాయను, కరెంటు స్తంభాల మీద నంబర్లు ఉంటాయే, అలాంటోడే. ముప్పావుగంటలో వచ్చేశాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. కూలింగ్ కూడా తగ్గలేదు. అద్దం మూల ఎవరి దండదో ఎండిన బంతిపూరేకు అతుక్కుని ఉంటే పెద్దమ్మ చూడకముందే గోరుతో గీకేశా.

గొడవంతా డబ్బుల దగ్గరే. ఫోన్లో మూడు వేలన్నాడు, తీరా వచ్చాక రెండో అంతస్తు కాబట్టి ఐదొందలు, నైట్ కాబట్టి ఇంకో ఐదొందలు, పొద్దున స్వర్గపురి శ్మశానానికి వ్యాన్ కూడా తనదే పెట్టుకోవాలంట. లోపల పెద్దమ్మ ఏడుస్తోంది, నేనేమో మెట్ల మీద కూరగాయలు కొన్నట్టు బేరమాడుతున్నా.

మా తోడల్లుడు మలేసియాలో, షా ఆలంలో చాలా ఏళ్ళు ఉద్యోగం చేశాడు. పక్కింటి మలాయ్ తాత పోయినప్పుడు ఆ ఇంట్లో ఎవ్వరూ రేటు అడగడం చూళ్ళేదన్నాడు. అక్కడ ఖైరాత్ కెమతియన్ అని చావు ఖర్చుల నిధి ఒకటి ఉంటుందంట, మన చీటీ లాంటిదే గానీ పాట ఉండదు, మసీదుకో సురావ్‌కో (చిన్న మసీదులెండి) ఇంటికింతని ఏడాదికోసారి కట్టేస్తారు, వాళ్ళ వీధిలో యాభై రింగిట్లు. ఎవరన్నా పోతే కమిటీకి ఒక్క ఫోను. స్నానం చేయించేవాళ్ళు, శవానికి చుట్టే కఫన్ గుడ్డ, శవాన్ని తీసుకెళ్ళే జెనాజా వ్యాను, గొయ్యి తవ్వేవాళ్ళు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆ తాత తెల్లారుజామున పోతే మధ్యాహ్నం నమాజయ్యాక ఖననం కూడా అయిపోయిందంట, ఇక ఫ్రీజర్‌తో పనేముంది. రాత్రి తహ్లీల్ (పోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన) చదవడానికి జనం వస్తే వంట కూడా పక్కిళ్ళవాళ్ళే. కాకపోతే అది ముస్లింలకే, అక్కడున్న ముస్లింలు కాని మన తెలుగువాళ్ళకి, తమిళులకి ఆ కమిటీతో సంబంధం లేదు, వాళ్ళ తిప్పలు వాళ్ళవే.

మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై నాలుగు ఫ్లాట్లు. లిఫ్ట్ మెయింటెనెన్స్‌కి కడతాం, వినాయక చవితికి కడతాం. దీనిక్కూడా ఇంటికి ఐదొందలు వేసుకుందామని గ్రూపులో పెడితే ముగ్గురు దండాలు పెట్టారు, ఒకాయన "అశుభం ఎందుకండీ" అన్నాడు.

ఈ సర్వీస్ పిలవాల్సొస్తే మెట్లు, నైట్, వ్యాను అన్నీ కలిపి ఎంతో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. మర్నాడు బాక్స్ తీసుకెళ్తూ టీకి వంద అడిగాడు. ఇచ్చా, ఏం చేస్తాం.