గులకరాళ్ల బుడిపెల ఇన్‌సోల్: 14 నెలలు తొడిగాక

షూలో పాదం కింద పరిచే ఇన్‌సోల్ ఇది, రోజుకు ఆరేడు గంటల చొప్పున 14 నెలలు వాడిన జత. మొత్తం ఈవీఏ ఫోమే, అంటే చెప్పుల అట్టల్లో వాడే తేలికపాటి ప్లాస్టిక్ నురగ. పైన ఏటి ఒడ్డు గులకరాళ్ల తీరులో, అదే ఫోమ్‌తో కాస్త గట్టిగా పోసిన, వెడల్పులో చిన్నా పెద్దా బుడిపెలు. మడమ దగ్గర గిన్నెలాంటి లోతు, అరికాలి వంపు కింద ఎత్తు. తడి ఇసుకలో అడుగేస్తే పడే అచ్చు లాంటిదన్నమాట. పొద్దున్నే మంచం దిగగానే పొడిచే మడమ నొప్పి తగ్గింది చాలావరకు ఆ అచ్చు వల్లే. బుడిపెల వాటా అందులో తక్కువ.

డబ్బా మీద రిఫ్లెక్సాలజీ (అరికాల్లో ఒక్కోచోట నొక్కితే ఒక్కో అవయవం బాగుపడుతుందనే పద్ధతి) పటం ఉంది, ఈ బుడిపె కిడ్నీకి, ఆ బుడిపె కాలేయానికి అంటూ. దాన్ని పక్కన పెట్టేయొచ్చు. అరికాల్లో అవయవాలకు మీటలున్నాయనడానికి గట్టి ఆధారం లేదు. ఒత్తితే కండరం వదులై హాయిగా ఉంటుంది, అంతే. గులకరాళ్ల చాప మీద నడిచిన పెద్దవయసువారికి బీపీ కొంత తగ్గిందని 2005లో అమెరికాలోని ఓరెగాన్ పరిశోధకులు ప్రకటించిన మాట నిజమే. కానీ అది చాప మీద కాసేపు నడక. రోజంతా షూలో నిలబడటం వేరు.

అసలు లోపం బుడిపెలన్నీ ఒకే ఎత్తులో, దాదాపు 3 మిల్లీమీటర్లు, ఉండటం. నిలబడినప్పుడు బరువంతా మడమ మీద, వేళ్ల మొదళ్ల మీద పడుతుంది. అక్కడ బుడిపె ఉంటే మర్దన కాదు, గాయం. ఆనెకాయలు కూడా అక్కడే లేస్తాయి. వంపు కింద బరువు తక్కువ కాబట్టి అక్కడ అదే బుడిపె సుఖంగా ఉంటుంది. కొత్త బ్లేడుతో మడమ కింద, వేళ్ల మొదళ్ల కింద ఉన్నవాటిని చెక్కేసి, 120 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్దితే సరిపోయింది. తయారీదారే చేయాల్సిన పని!

అమర్చేటప్పుడు షూలో ఉన్న పాత ఇన్‌సోల్ తీసేయాలి. తీయకపోతే మడమ పైకి లేచి జారుతుంది, వేళ్లు పైభాగానికి ఒరుసుకుంటాయి. పాతదాన్ని కొలతగా పెట్టి గీత గీసి, గీతకు 2 మిల్లీమీటర్లు బయటగా కోసి, తొడిగి చూసి మళ్లీ కోయాలి. వేళ్ల వైపే కోయాలి. మడమ వైపు కోస్తే గిన్నె పాడవుతుంది. మొదటి మూడు రోజులు అరగంట, తర్వాత రోజుకో అరగంట పెంచాలి. తిమ్మిరెక్కితే తీసేయాలి.

షుగర్‌తో పాదాలు మొద్దుబారినవారు వీటి జోలికి పోకూడదు. గుచ్చుకున్నది తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. సర్జన్ పాల్ బ్రాండ్ వెల్లూరులో కుష్ఠు రోగుల చెప్పుల కోసం వాడిన మెత్తటి ఎంసీఆర్ (లోపల సన్నటి గాలి గదులున్న మైక్రోసెల్యులర్) రబ్బరు సూత్రం ఒత్తిడిని పాదమంతా పరచడం. ఈ బుడిపెలు చేసేది దానికి సరిగ్గా తలకిందులు. అనుమానముంటే ముందు డాక్టరు దగ్గర 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష (సన్నటి నైలాన్ పోగుతో అరికాలిని తాకి స్పర్శ తెలుస్తోందో లేదో చూసేది) చేయించుకోవాలి.

డబ్బాలోంచి తీసినట్టుగానే అయితే ఐదుకు రెండున్నర మార్కులు, చెక్కాక నాలుగు. తొమ్మిదో నెలకే మడమ దగ్గర ఫోమ్ అణిగింది. బొటనవేలితో నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోయింది. సబ్బునీళ్లతో కడిగి నీడనే ఆరబెట్టాలి. మే ఎండలో డాబా మీద వేస్తే అంచులు ముడుచుకుని మళ్లీ షూలో కూర్చోవు.